షెడ్డులో పడున్న పాత చైన్ మిషన్: బాగుచేసి సార్వా (ఖరీఫ్) వరి కోతకి దింపాలా, పాత ఇనుముకి అమ్మేయాలా?

ఉండి రైతు:
ఆయ్, మాది భీమవరం దగ్గర ఉండి. ఒక సంగతి తేల్చి పెట్టండి. మా పెదనాన్నగారి చైన్ మిషన్, అంటే టైర్ల బదులు రబ్బరు చైన్ల మీద నడిచే వరికోత మిషన్, ఆయన పోయిన దగ్గర్నుంచీ షెడ్డులోనే పడుంది. పాత రకం ఇంజను, సెన్సార్లూ గట్రా ఏం లేవు. మాదీ, అన్నదమ్ములదీ కలిపి పాతికెకరాలు, అంతా స్వర్ణ రకం వరే, కార్తీకం వెళ్లే వేళకి కోతకొస్తుంది. ఇంట్లో సగం మంది అమ్మేయమంటున్నారు. నాకేమో బాగుచేయించి చేలో దింపాలనుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడు అద్దె మిషన్ ఇవాళొస్తుంది రేపొస్తుందని గట్టు మీద కూర్చున్నాం, చివరికి చేను నీళ్లలో పడుకున్నాక కోయించాం. ఆ గింజకి వచ్చిన రేటు చెప్పుకుంటే సిగ్గుచేటు.

గూడెం కుర్రోడు:
అమ్మేయండి అన్నా. పాతికెకరాలకి సొంత మిషన్ ఎందుకు? నిలబడ్డ చేను ఎకరం గంటలో అయిపోతుంది, పడిపోయినా రెండు మూడు గంటలు. మీ పని మొత్తం నాలుగైదు రోజులది. దానికోసం ఏడాదంతా ఎలకల నుంచి కాపాడుకుంటూ, పార్టు పోయినప్పుడల్లా ఊళ్లు పట్టుకు తిరుగుతూ... పైగా డ్రైవరో? సీజన్లో మంచి డ్రైవర్లంతా అద్దె మిషన్ల మీదే ఉంటారు. మీ మిషన్ నాలుగు రోజులు నడపడానికి ఎవడొస్తాడు?

షెడ్డు మేస్త్రి:
ఇద్దరూ అసలు సంగతి వదిలేసి మాట్లాడుతున్నారు. ఇంజను పాత రకమైతే దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ట్యాంకులో పాత డీజిల్ తీసేసి కడిగి, ఫిల్టర్లు మార్చి, నాజిల్సూ పంపూ చెక్ చేయిస్తే లేస్తుంది. మన డెల్టాలో మిషన్ బతికేదీ చచ్చేదీ కింద చైను దగ్గరే. బాపట్ల అవతల ఇసక నేలల్లో టైర్ మిషన్ తిరుగుతుందేమో గానీ, మన బురదలో నవంబరులో దింపితే ట్రాక్టరు పెట్టి లాగాలి. అందుకని ముందు జాకీ వేసి లేపండి, రబ్బరు చైను లోపలి వైపు చూడండి. పైన పగుళ్లు అందరికీ ఉంటాయి, భయం లేదు. పగుల్లోంచి ఉక్కు తీగలు బయటికి కనపడుతున్నాయా, లోపలి పళ్లు ఊడిపోయాయా, అదీ లెక్క. చైను తిరిగే రోలర్ల సీళ్లు కారిపోయి నూనె మరకలుంటే, తిప్పితే గరగరమంటుంటే అవీ పోయినట్టే. రెండు చైన్లూ కొత్తవి వేయాల్సొస్తే మిగతా రిపేరంతా ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు. అప్పుడు గూడెం తమ్ముడు చెప్పిందే వినండి. చైను బాగుంటే మాత్రం అమ్మడం తెలివితక్కువ పని.

ఇంకోటి, అందరూ వదిలేసేది. ఆగిన ఏడాది ఆగర్లోనూ (గింజని తోసే మర), ఎలివేటర్ (గింజని పైకెత్తేది) కిందా మిగిలిన ధాన్యం వానలకి కుళ్లి, ఇనుము తినేసి ఉంటుంది. కింద మూతలన్నీ విప్పి ఖాళీ చేశాకే తిప్పండి. గింజ నూర్చే డ్రమ్ము పళ్లు అరిగితే ఒక్కటి మార్చి ఊరుకోకండి. ఎదురుబొదురు పళ్లు జతగా మార్చాలి, లేకపోతే బరువు ఒకవైపు లాగి డ్రమ్ము ఊగుతుంది, వారంలో బేరింగులు పోతాయి. బెల్టులు వెనక్కి మడిచి లోపలి వైపు పగుళ్లున్నాయేమో చూడండి. వైరింగు ఎలాగూ ఎలకలు కొట్టేసే ఉంటాయి, అతుకులు వేయకుండా కొత్తది లాగించండి.

కౌలు రైతు, అత్తిలి వైపు:
సొంతం, అద్దె అని మీరు వాదించుకుంటున్నారు గానీ మాలాంటోళ్ల సంగతి వేరు. నాది నాలుగెకరాల కౌలు, పుంత రోడ్డుకి దూరంగా మూడు ముక్కలు. అద్దె మిషన్ వాడు రోడ్డు పక్క పెద్ద మళ్లన్నీ అయ్యాకే నా వైపు చూస్తాడు. వాడి తప్పు కాదులెండి, నా చేలోకి రావడానికే గంట డీజిల్ తగలేయాలి. మా పక్క ఊళ్లో ఒకాయన పాత మిషన్ బాగుచేయించుకుని ముందు తన చేను, తర్వాత చుట్టుపక్కల చిన్న ముక్కలు కోస్తున్నాడు. ఆ మిషన్ రెండుసార్లు ఆగింది, అయినా మేం ఆయన్నే పిలుస్తాం. ఉండి వాళ్లు అమ్మేస్తే ఆ చుట్టుపక్కల చిన్న రైతుకి ఒక మిషన్ తగ్గినట్టే.

గూడెం కుర్రోడు:
సరే బాబాయ్, సేవ చేయమనండి. కానీ మిషన్ సొంతమైతే తుఫాను ముందు కోసేస్తాం అంటారే, కోసి ఏం చేస్తారు? పచ్చి చేను కోస్తే తేమ ఇరవై పైనే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే తీసుకోరు. రోడ్డు మీద ఆరబోస్తే వాన అక్కడా పడుతుంది. డబ్బులు ఆ మిషన్‌లో పోసే బదులు బరకాలు (టార్పాలిన్లు) కొనుక్కుంటే నయం.

షెడ్డు మేస్త్రి:
బరకాలు ఎలాగూ కొనాలి తమ్ముడూ, అద్దె మిషన్‌తో కోసినా కొనాలి. నీళ్లలో పడుకున్న చేలో గింజ మొలకెత్తిపోతే బరకం ఏం చేస్తుంది? కుప్పపోసిన తడి గింజని తిరగేస్తూ ఎలాగోలా కాపాడుకోవచ్చు. సొంత మిషన్‌తో లాభం వేరే ఉంది. పొద్దున మంచు ఆరాక దిగి, సాయంత్రం మంచు పడకముందే ఆపేయొచ్చు. అద్దె వాడికి మీటర్ తిరుగుతుంటుంది, తడి గడ్డిలో కూడా తోలేస్తాడు, డ్రమ్ము చుట్టుకుపోయి సగం గింజ గడ్డితో వెళ్లిపోతుంది.

మొదటి రోజు పూర్తిగా కోతకి దింపకండి. ఖాళీగా అరగంట తిప్పి, ఇంజను ఆపి, బేరింగులు చేత్తో తాకి చూడండి, ఏది కాలుతుందో తెలుస్తుంది. తర్వాత గట్టు పక్క నాలుగు చాళ్లు కోసి వెనక్కెళ్లి గడ్డి దులపండి. వెన్నుకి గింజ మిగిలితే డ్రమ్ము స్పీడు చాలట్లేదు, నూక కనిపిస్తే ఎక్కువైంది. మంచి గింజ తాలుతో కలిసి ఎగిరిపోతుంటే ఫ్యాన్ తగ్గించాలి. గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. చేతులు పోగొట్టుకున్నవాళ్లు మనూళ్లలో తక్కువేం లేరు.

ఉండి రైతు:
అందరికీ దండాలు. ఆదివారం జాకీ వేసి చైను చూస్తాను. తీగలు కనపడితే మారుమాట లేకుండా బేరం పెట్టేస్తా. బాగుంటే దసరా వెళ్లగానే పని మొదలు. మేస్త్రి గారూ, రోలర్లు రెండు మూడు మాత్రమే పోతే అవి ఒక్కటే మార్చొచ్చా, మొత్తం సెట్ వేయాలా?

షెడ్డు మేస్త్రి:
పోయినవే మార్చండి. సెట్ మొత్తం అమ్మాలని చూస్తారు, ఒప్పుకోకండి. రెండో వైపు సీళ్లు మాత్రం కొత్తవి వేయించండి.

గూడెం కుర్రోడు:
నా మాట మారదు గానీ, బాగుచేయిస్తే డ్రైవర్‌ని ఇప్పుడే మాట్లాడుకోండి అన్నా, అడ్వాన్సు ఇచ్చి మరీ. నవంబరు వచ్చాక ఫోన్ కూడా ఎత్తరు.