నోట్స్ చూసి రెండు చేతులతో పియానో వాయించడానికి ఏ ఆన్‌లైన్ కోర్సు మంచిది?

నా దగ్గర 61 కీల టచ్ సెన్సిటివ్ కీబోర్డు ఉంది. ఏడాదిగా ఒక యాప్‌తో, పైనుంచి రంగు గీతలు జారే వీడియోలతో నేర్చుకుంటున్నాను. గీతలు కనిపిస్తే వేళ్లు కదులుతాయి, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసిన స్వరాలు) ముందు పెడితే ఆగిపోతాయి. ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాలు, ఎక్కువగా కుడిచేతివి) పర్వాలేదు. బాస్ క్లెఫ్‌లో (కింది స్వరాలు, ఎక్కువగా ఎడమచేతివి) మాత్రం ప్రతి నోటుకీ గీతలు లెక్కపెట్టుకోవాల్సిందే.

రెండు చేతులు కలపడమూ కష్టంగానే ఉంది. ఉదాహరణకి, ఎడమ చేత్తో సీ-జీ-ఈ-జీ (5-1-3-1 వేళ్లు, బొటనవేలు 1) మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 80 దెబ్బల దగ్గర తడబడకుండా వస్తుంది. కుడిచేతి ట్యూన్ కలిపితే 50 దగ్గరే చెదిరిపోతుంది. చేతులు విడివిడిగా, నెమ్మదిగా, రెండేసి బార్ల (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ముక్కల) చొప్పున సాధన చేసి చూశాను. ఫ్లాష్‌కార్డుల వల్ల నోట్ల పేర్లు వచ్చాయి గానీ వాయించేటప్పుడు గుర్తుకు రావు. ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్‌లో కాపీరైట్ తీరిన షీట్ మ్యూజిక్ ఉచితంగా బోలెడు ఉంది, కానీ దేని తర్వాత ఏది పట్టుకోవాలో తెలియట్లేదు. డబ్బు కట్టిన కోర్సేమో మొదట్లోనే సినిమా పాటల కార్డ్స్‌లోకి, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాల్లోకి, దూకేసింది (అవి కావాలనుకునేవాళ్లకి బాగానే ఉంటుంది లెండి).

రెండు క్లెఫ్‌లూ మొదటినుంచే కలిపి చదివించే కోర్సు, తెలుగులో గానీ తేలిక ఇంగ్లిష్‌లో గానీ, మీలో ఎవరైనా పూర్తి చేసి ఉంటే అది ఏదో చెబుతారా?