35వ వారం, స్కాన్‌లో బిడ్డ మెడకి బొడ్డు పేగు ఒక చుట్టు ఉందన్నారు, నార్మల్ అవుతుందా?

కరీంనగర్_కోడలు:
అక్కలందరికీ నమస్తే. ఫస్ట్ ప్రెగ్నెన్సీ, 35వ వారం నడుస్తుంది. శ్రీమంతం అయ్యాక పుట్టింటికి వచ్చేసిన, జగిత్యాల దగ్గర పల్లె మాది. మొన్న గ్రోత్ స్కాన్‌ల బేబీ వెయిట్ 2.3 కేజీలు, తల కిందికే ఉంది, ఉమ్మనీరు మంచిగనే ఉంది అన్నరు కానీ మెడకి పేగు ఒక చుట్టు ఉందని రిపోర్ట్‌ల రాసిన్రు. అది మా అత్తమ్మకి ఫోన్ల చెప్పినకాడి నుంచి ఒకటే లొల్లి, ఎట్లాగూ ఆపరేషనే కదా అని పంతులుగారితో ముహూర్తం కూడా పెట్టించిన్రు, ఆ డేట్‌కి నాకు 37 వారాలు దాటి రెండు రోజులు అంతే. మేడంని అడుగుదామంటే ఓపీ నిండా జనం, "చూద్దాం లే" అని ఫైల్ ఇచ్చేసింది. హిమోగ్లోబిన్ 9.4 ఉంది, ఐరన్ గోలీ వేసుకుంటే కడుపుల తిప్పుతుంది. మా అమ్మేమో వంగి ఇల్లు ఊడువు, నెయ్యి ఎక్కువ తిను, జారిపడ్డట్టు కాన్పయితది అంటది. నాకు నార్మల్ కావాలని ఉంది. పేగు సంగతి తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

లేబర్_రూమ్_సిస్టర్:
చెల్లి, ముందు ఆ పేగు భయం పక్కన పెట్టు. లేబర్ రూమ్‌లో పనిచేసేవాళ్ళకి మెడకి పేగు చుట్టుకున్న బిడ్డలు రోజూ కనిపిస్తారు, దాదాపు నలుగురిలో ఒకరికి ఉంటుంది. కడుపులో బిడ్డ గొంతుతో ఊపిరి తీసుకోదు కదా, ఆక్సిజన్ వచ్చేదే ఆ పేగులోంచి, దాని చుట్టూ జిగురులాంటి పదార్థం ఉంటుంది కాబట్టి అంత ఈజీగా నొక్కుకుపోదు. పొడవు అర మీటర్ పైనే ఉంటుంది. ఈ రోజు ఉన్న చుట్టు బిడ్డ తిరిగితే రేపు ఊడిపోవచ్చు, లేకపోతే తల బయటికి రాగానే వేలు పెట్టి మెడ మీంచి తప్పించేస్తాం, అంతే పని. నొప్పుల టైంలో గుండె చప్పుడు చూస్తూనే ఉంటారు, అది పడిపోతుంటే అప్పుడు ఆపరేషన్ అంటారు, అది కరెక్టే. ఒక్క చుట్టు ఉందని ముందే డేట్ పెట్టి కోయడం మాత్రం అవసరం లేదు.

ఇంక ముహూర్తం సంగతి. బీపీ, షుగర్, ఎదుగుదల లాంటి కారణం ఏదీ లేకుండా 39 వారాలు నిండకముందు ఆపరేషన్ చేయకూడదు. 37కి తీస్తే కొంతమంది పిల్లలకి ఊపిరి ఎగబోస్తుంది, బాక్సులో పెట్టాల్సి వస్తుంది, పాలు సరిగ్గా పీల్చరు, పసరికలు (కామెర్లు) ఎక్కువ. మన తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, దేశం మొత్తం మీద మనమే ఫస్ట్, అందులో ఈ పంచాంగం బ్యాచ్ కూడా ఉంది మరి.

వదిన_గారు:
అలా భయపెట్టకండి సిస్టర్, మా మరదలికి 38కి ముహూర్తం పెట్టే చేశారు, తల్లీబిడ్డా ఇద్దరూ బానే ఉన్నారు. పెద్దవాళ్ళ మాట కూడా ఒకటి ఉంటుంది కదా.

లేబర్_రూమ్_సిస్టర్:
బాగున్నందుకు సంతోషమే అండి, ఎక్కువమంది బాగానే ఉంటారు. ఉండని బిడ్డ ఎవరిదవుద్దో ముందు తెలీదు, అందుకే ఆగమనేది. అత్తమ్మగారికి ఎదురు చెప్పడం కష్టమైతే ఈసారి చెకప్‌కి ఆమెనే తీసుకెళ్ళు చెల్లి, మేడం నోటితోనే చెప్పించు.

గుంటూరు_అమ్మ:
నాకు ఇద్దరు, ఇద్దరూ నార్మలే. అమ్మా నువ్వు పేగు గురించి కాదు, ఆ 9.4 గురించి ఆలోచించాలి. 11 ఉండాలి. కాన్పులో ఎలాగూ రక్తం పోద్ది, తక్కువతో వెళ్తే తర్వాత లేవలేవు. ఐరన్ టాబ్లెట్ టీతో, పాలతో అస్సలు వేసుకోకు, కాల్షియం టాబ్లెట్‌కీ దీనికీ కనీసం రెండు గంటల గ్యాప్ ఉండాలి, నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది. తిప్పుతుంటే రాత్రి పడుకునే ముందు వేసుకుని చూడు. విరోచనం నల్లగా వస్తే కంగారు పడకు, అది మామూలే. ఈ నెలలో టాబ్లెట్లతో పెరిగే టైం తక్కువ కాబట్టి సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారా అని నువ్వే అడుగు, అడక్కపోతే చాలాచోట్ల చెప్పరు.

నెయ్యికి జారేదేం లేదు, తింటే బరువు పెరుగుద్ది. ఊడవడం, నడవడం మంచిదే కానీ దాంతోనే నార్మల్ అయిపోద్దనుకోకు. ఎవరైనా ఆముదం తాగితే నొప్పులొస్తాయి అంటే మాత్రం తాగకు, విరోచనాలై నీరసించిపోతావ్.

ఇంకోటి, మెట్టెలు ఇప్పుడే తీసేయ్. నా రెండో కాన్పుకి పాదాలు వాచి మెట్టె దిగలేదు, మా అమ్మ సబ్బు నురగ పెట్టి తిప్పుతానే ఉంది, పక్కన ఆయా తొందర పెడతానే ఉంది. పాదాల వాపు మామూలే గానీ ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళ ముందు మెరుపుల్లా వచ్చినా, పక్కటెముకల కింద కుడి పక్క నొప్పొచ్చినా ఆ రోజే బీపీ చూపించుకో. 140/90 అంటే ఇంట్లో కూర్చునే నంబర్ కాదు.

హైదరాబాద్_నాన్న:
మగవాళ్ళ డిపార్ట్‌మెంట్ నేను చెప్తా. మీవారికి చెప్పండి, మీ బ్లడ్ గ్రూప్ వాళ్ళు ఇద్దరు ముగ్గురిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోమనండి, నెగటివ్ గ్రూప్ అయితే ఇంకా ముందే. పల్లె నుంచి కదా, రాత్రి రెండింటికి ఏ బండి వస్తుందో ఇప్పుడే తేల్చుకోండి, 108 ఎలాగూ ఉంది. స్కాన్లన్నీ, ఎంసీహెచ్ (తల్లీబిడ్డల) కార్డు, ఆధార్ ఒకే ఫైల్‌లో పెట్టి తలుపు దగ్గరే తగిలించండి. ఇన్సూరెన్స్ ఉంటే వెయిటింగ్ పీరియడ్, అంటే కాన్పు ఖర్చు ఇచ్చే ముందు ఆగాల్సిన టైం, అయ్యిందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, మాకు కౌంటర్ దగ్గర తెలిసింది 😅. పాత మెత్తటి కాటన్ చీరలు ఉతికి ఎండలో ఆరేసి పెట్టుకోండి, బోలెడన్ని పడతాయి.

కరీంనగర్_కోడలు:
అందరికీ చాలా థాంక్స్ 🙏 సోమవారం అత్తమ్మని తీసుకునే పోతా. ఇంకో డౌట్, ఇప్పుడప్పుడు పొట్ట రాయిలా గట్టిపడి మళ్ళీ వదిలేస్తుంది, అది నొప్పులేనా? ఇంకా దగ్గితే కొంచెం తడి అయితుంది, అది మూత్రమా ఉమ్మనీరా ఎట్లా తెలుస్తుంది?

లేబర్_రూమ్_సిస్టర్:
గట్టిపడి వదిలేసేవి దొంగ నొప్పులు చెల్లి, నీళ్ళు తాగి కాసేపు పడుకుంటే తగ్గుతాయి. అసలువి తగ్గవు, దగ్గర దగ్గరగా వస్తూ బలం పెరుగుతాయి. 37 నిండాక ఐదు నిమిషాలకోసారి వచ్చి, ఒక్కోటి నిమిషం పాటు ఉండి, గంటసేపు అలాగే నడిస్తే బయల్దేరు, మీ ఊరు దూరం కాబట్టి ఇంకా ముందే బయల్దేరినా తప్పులేదు. 37 లోపు అలా వరసగా వస్తే మాత్రం ఆ లెక్కలు పెట్టుకోకుండా వెంటనే వెళ్ళు. బిడ్డ కదలికలు ఆఖరి నెలలో తగ్గిపోతాయంటారు, నమ్మకు. భోజనం చేసి ఎడమ పక్కకి తిరిగి పడుకుని లెక్కపెట్టు, రెండు గంటల్లో పది రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

తడి సంగతి, శుభ్రమైన తెల్ల ప్యాడ్ పెట్టుకుని అరగంట పడుకుని లే. మూత్రమైతే వాసన తెలుస్తుంది, దగ్గినప్పుడే వస్తుంది. ఉమ్మనీరైతే లేవగానే ఆపుకున్నా ఆగకుండా కారుతుంది. అనుమానంగా ఉన్నా, నొప్పులు లేకపోయినా హాస్పిటల్‌కి వెళ్ళిపో, ఆ ప్యాడ్ పారేయకుండా కవర్‌లో పెట్టి తీసుకెళ్ళు, చూపించాలి. ఆకుపచ్చగా గానీ గోధుమరంగులో గానీ ఉన్నా, ఎర్రగా రక్తం కనిపించినా ఇంకెవరికీ ఫోన్లు చేస్తూ కూర్చోకు, సీదా 108కే చెయ్యి.