మాక్రో వేరియబుల్‌కీ, డేటాసెట్ వేరియబుల్‌కీ ఒకే పేరు పెట్టొచ్చా?

కొత్తకోడర్: ఎస్ఏఎస్‌ అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో క్లినికల్ ట్రయల్ టేబుల్స్ రాస్తున్నాను. డేటాసెట్‌లో ఏజ్ అనే వేరియబుల్ ఉంది. కటాఫ్ కోసం %లెట్ ఏజ్ = 65; అని అదే పేరుతో మాక్రో వేరియబుల్ పెట్టి, ఇఫ్ ఏజ్ > &ఏజ్ అని వాడాను. రివ్యూ చేసినాయన పేరు మార్చమంటున్నారు. రిజల్ట్ సరిగ్గానే వస్తోంది కదా, ఎందుకు మార్చాలి?

టేబుల్స్‌అన్న: మార్చక్కర్లేదండీ. మాక్రో వేరియబుల్ అంటే ప్రోగ్రామ్ నడవకముందే కోడ్‌లో అతికించే అక్షరాలు, అది సింబల్ టేబుల్‌లో ఉంటుంది, డేటాసెట్ వేరియబుల్ ప్రతి రికార్డుకూ ఒక విలువతో డేటాలో ఉంటుంది. & ఉంటే మాక్రో, లేకపోతే కాలమ్. ఎస్ఏఎస్‌కి ఇందులో తికమకేమీ లేదు. ప్రతి పేరుకూ ముందు ఎంవీ, జీవీ అని తగిలిస్తే కోడ్ చదవడమే కష్టమవుతుంది.

లాగ్‌చూడండి: అన్నా, ఆ & ఒక్కటి టైపింగ్‌లో జారిపోయిందనుకోండి. ఇఫ్ ఏజ్ > ఏజ్ అవుతుంది. ఏ పేషెంటుకీ అది నిజం కాదు, ఆ గ్రూప్ ఖాళీగా వస్తుంది. లాగ్‌లో, అంటే రన్‌లో ఏం జరిగిందో ఎస్ఏఎస్ రాసే చోట, ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు, నోట్ కూడా ఉండదు. అదే పేరు ఏజ్‌కటాఫ్ అయితే? & జారినా 'ఏజ్‌కటాఫ్ అన్‌ఇనిషియలైజ్డ్' (విలువ ఇవ్వలేదు) అని నోట్ పడుతుంది. అప్పుడూ రిజల్ట్ తప్పే, ఎస్ఏఎస్‌లో మిస్సింగ్ (ఖాళీ విలువ) అన్నిటికన్నా చిన్నది కాబట్టి వయసు నమోదైన వాళ్లందరూ ఆ గ్రూప్‌లోకి వచ్చేస్తారు. కానీ కనిపెట్టడానికి ఒక ఆధారం ఉంటుంది. రివ్యూయర్ చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైన మాట.

టేబుల్స్‌అన్న: ఒప్పుకుంటాను, ఆ ఒక్క కేసులో. కానీ పేరు మార్చినంత మాత్రాన అసలు పొరపాటు పోదు. మాక్రో లోపల %ఇఫ్ ఏజ్ > 65 అని రాసేవాళ్లు ఎంతమంది లేరు! మాక్రో ప్రాసెసర్ డేటా స్టెప్ (రికార్డులను ఒక్కొక్కటిగా చదివే భాగం) నడవకముందే పని ముగించేస్తుంది, దానికి పేషెంట్ వయసు తెలియదు. 'ఏజ్' అనే అక్షరాలను '65' అనే అక్షరాలతో పోలుస్తుంది. విండోస్, లినక్స్‌లలో అక్షరాలు అంకెల తర్వాత వస్తాయి కాబట్టి ఆ షరతు ఎప్పుడూ నిజమే. ఇక్కడ ఏ ప్రిఫిక్సూ కాపాడదు. ఏది ఎప్పుడు నడుస్తుందో ముందు నేర్పాలి, పేర్ల సంగతి తర్వాత.

కొత్తకోడర్: ఇంకో సందేహం. కాల్ సిమ్‌పుట్‌ఎక్స్‌తో (డేటా స్టెప్ నడుస్తుండగా మాక్రో వేరియబుల్‌కి విలువ ఇచ్చేది) పేషెంట్ల సంఖ్యను ఎన్ అనే మాక్రో వేరియబుల్‌లో పెట్టి, అదే డేటా స్టెప్‌లో &ఎన్ వాడాను. మొదట వార్నింగ్ వచ్చింది, రెండోసారి రన్ చేస్తే పోయింది.

లాగ్‌చూడండి: ప్రమాదం అక్కడే ఉందండీ. స్టెప్ కంపైల్ అయ్యేటప్పటికి సిమ్‌పుట్‌ఎక్స్ ఇంకా నడవలేదు. రెండోసారి అదే సెషన్‌లో మొదటి రన్ విలువ మిగిలి ఉంది, దాన్నే తీసుకుంది. మధ్యలో డేటా మారితే టేబుల్ హెడర్‌లో పాత ఎన్ కూర్చుంటుంది, ఎవరూ గమనించరు. అదే స్టెప్‌లో కావాలంటే సిమ్‌గెట్ (స్టెప్ నడుస్తున్నప్పుడే విలువ చదివేది) వాడండి, లేదా 'రన్;' అనే లైన్ తర్వాత వాడండి. ఫైనల్ రన్ మాత్రం కొత్త సెషన్‌లోనే.

స్టాటాయూజర్: మేం వాడే స్టాటా అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా ఘోరం. లోకల్ మాక్రో పేరు తప్పు కొడితే అది నిశ్శబ్దంగా ఖాళీ అయిపోతుంది. రిగ్రెషన్‌లో కంట్రోల్ వేరియబుల్స్ అన్నీ లోకల్‌లో పెట్టి ఒక్క అక్షరం తప్పితే, కంట్రోల్స్ లేకుండానే మోడల్ నడిచిపోతుంది. అందుకే నేను లాగ్‌చూడండి గారి పక్షం.

టేబుల్స్‌అన్న: అది పేరు తప్పు కొట్టడం, ఒకే పేరు పెట్టడం కాదు కదండీ. అయినా కొత్తకోడర్ గారూ, ఈ టేబుల్‌కి ఏజ్‌కటాఫ్ అని మార్చేయండి. సింబల్‌జెన్ ఆప్షన్ ఆన్ చేసి &ఏజ్‌కటాఫ్‌కి లాగ్‌లో 65 పడుతోందో లేదో కూడా చూసుకోండి. ప్రతిదానికీ ప్రిఫిక్స్ తగిలించే రూల్‌కి మాత్రం నేను ఒప్పుకోను.