సమస్య: నలుపు తెలుపులందు నవ్వె రంగు

మాస్టారు (నిర్వాహకుడు):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు రాసి, దీనికి అర్థం కుదిరేలా పూరించాలి.

నలుపు తెలుపులందు నవ్వె రంగు

విషయం కూడా నేనే ఇస్తున్నాను: 1950, 60ల నాటి మలయ్ సినిమాలు. సింగపూర్ జాలాన్ అంపస్‌లో షా సోదరుల స్టూడియో, అందులో పి. రామ్లీ నటించి, పాడి, బాణీలు కట్టి, దర్శకత్వం కూడా చేసిన రోజులు. 1967లో అది మూతపడింది. అక్కడి తొలితరం దర్శకుల్లో చాలామంది మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే: బి.ఎస్. రాజహన్స్, ఎల్. కృష్ణన్, ఫణి మజుందార్. అందుకే కాబోలు, పాట ఎక్కడ వస్తుందో మనకి ముందే తెలిసిపోతుంది. ఆనాటి బట్టలు, ఊళ్ళు పద్యంలో కనపడాలి. "ఆ రోజులే వేరు" అని మూడు పాదాలు నింపి పంపితే చదవను.

గోదారిగట్టు:
నడుము పట్టినట్టి నాటి కెబాయలో
పాట పాడుచున్న పడతిఁ జూచి
పువ్వు లెర్రవనుచుఁ బొరపడె నా కన్ను;
నలుపు తెలుపులందు నవ్వె రంగు.

మాస్టారు:
రంగు తెర మీద లేదు, చూసేవాడి కంట్లో ఉంది. సమస్య హాయిగా విడిపోయింది. రెండో పాదం మాత్రం పలచన. పడతి అంటే ఎవరైనా కావచ్చు. ఒంటికి అతుక్కున్న కెబాయ (మలయ్ ఆడవాళ్ళ రవిక) అనగానే గుర్తొచ్చేది నటి, గాయని సలోమా కదా, పేరు పెట్టి ఉండాల్సింది.

గోదారిగట్టు:
పెడదామనే చూశాను మాస్టారూ. ముందు లఘువు, వెనక రెండు గురువులు. ఏ గణంలోనూ ఇమడలేదు.

మాస్టారు:
ఒక్క గణంలో ఇమడదు. బేసి పాదం చివర ఇంద్రగణాలున్నాయిగా, "నాటి స - లోమాను" అని విరవండి. భగణం, తగణం వస్తాయి.

మల్లెపందిరి:
గోదారిగట్టు గారూ, కెబాయకి గుండీలుండవండి. ముందువైపు మూడు పిన్నులు వరసగా పెడతారు, వాటిని కలుపుతూ సన్నని గొలుసు. నలుపు తెలుపు సినిమాలో పువ్వుల రంగు తెలియదు గానీ, ఆమె మెడ తిప్పినప్పుడల్లా ఆ పిన్నులు తళుక్కుమంటాయి. అది వదిలేసి పువ్వుల దగ్గర ఆగిపోయారేం? సరే, నా పూరణ. రామ్లీ దర్శకుడిగా తొలి చిత్రం, 1955లో వచ్చిన 'పెనారెక్ బెచా' గురించి. అందులో ఆయన సైకిల్ రిక్షా తొక్కుతాడు.

మూడు చక్రములను ముందుకుఁ దొక్కుచు
పేదవాఁడు పాడఁ బ్రేమ పాట
గొప్పయింటి పిల్ల గుండెలోఁ బూసెను;
నలుపు తెలుపులందు నవ్వె రంగు.

మాస్టారు:
అమ్మా, గుండెలో ఏం పూసింది? కర్త లేదు. "గుండెలో వలపూర" అని మార్చండి, అన్వయం కుదురుతుంది. అప్పుడు నలుపు, తెలుపు అంటే లేమి, కలిమి అనే అర్థం కూడా వస్తుంది. మీరు అనుకునే రాశారో లేదో గానీ, నాకు నచ్చింది అదే.

కొత్తకలం:
నాకిది మొదటి పూరణ, కొంచెం టెన్షన్‌గా ఉంది. 1962 నాటి 'ఇబు మెర్తువాకు' కథ తీసుకున్నాను. సాక్సఫోన్ వాయించే కాసిం సెలామత్‌ని పెద్దింటి అమ్మాయి ప్రేమిస్తుంది, అత్తగారు విడదీస్తుంది. ఏడ్చి ఏడ్చి అతని చూపు పోతుంది.

సాక్సఫోను వాని చక్కని గొంతును
మేడలోని పిల్ల మెచ్చి విన్నది;
కనులు లేని వాఁడు కలగన్న లోకాన
నలుపు తెలుపులందు నవ్వె రంగు.

మాస్టారు:
టెన్షన్ ఎందుకు నాయనా. "విన్నది"లో ఒక లఘువు ఎక్కువైంది, "వినెను" అంటే చాలు. ఇక మూడో పాదం జోలికి ఎవరూ వెళ్ళకండి. ఆపరేషన్‌తో చూపు తిరిగి వచ్చాక, జరిగిన మోసం తెలిసి ఫోర్కులతో తన కళ్ళు తానే పొడుచుకుంటాడు ఆ కాసిం. కథ తెలిసినవాడికి ఈ "కలగన్న లోకాన" ఎంత బరువో! ఈ వారం ఇప్పటిదాకా నా ఓటు దీనికే.

తోటలైను:
అందరూ ప్రేమే పట్టుకున్నారు. నేను వీరం పట్టుకున్నా: మలయ్ కథల్లోని వీరుడు హంగ్ తువా.

హంగుతోడ వచ్చె హంగ్ తువా తెరపైకి
మలక రాజు మెచ్చు మగల మేటి;
చేతఁ గత్తి మెఱసెఁ జిత్రమ్ము చిత్రమ్ము!
నలుపు తెలుపులందు నవ్వె రంగు.

గోదారిగట్టు:
తోటలైను గారూ, ఫణి మజుందార్ తీసిన ఆ 1956 'హంగ్ తువా' సినిమా రంగుల్లోనే వచ్చిందండి. రంగుల బొమ్మలో రంగు నవ్వితే ఇక సమస్య ఏముంది, పూరణ ఏముంది?

మాస్టారు:
నిజమే. మొదటి పాదంలో ఆ శబ్దాల పొత్తు చూసి మురిసి నేనూ దాటేసేవాణ్ణి. పద్యం నడక బాగుంది కానీ, పూరణ చెల్లదు.

తోటలైను:
ఎందుకు చెల్లదు మాస్టారూ? సినిమా రంగులదే, టీవీ కాదు. మేం మలేషియాలోని పేరాక్‌లో రబ్బరు తోట కూలీల లైన్ ఇళ్ళలో పెరిగినవాళ్ళం. మలేషియా టీవీలో రంగుల ప్రసారం మొదలైందే 1978 చివర్లో. హంగ్ తువాని నేను చూసింది పక్కింటివాళ్ళ నలుపు తెలుపు పెట్టెలో. తలుపు దగ్గర పిల్లలమంతా ఒకరి మీద ఒకరం పడి చూసేవాళ్ళం. తలపాగా ఎర్రదని ఒకడు, కాదు పచ్చదని ఒకడు. తన్నుకున్నంత పని అయ్యేది.

మాస్టారు:
మరి ఆ టీవీ పద్యంలో ఏది? మీ మనసులో ఉంటే మాకెలా తెలుస్తుంది! మూడో పాదం ఇలా తిప్పి చూడండి:

పక్కయింటి టీవి పాతదైనను గాని

కత్తి పోయింది, సమస్య నిలబడింది.

తోటలైను:
కత్తి పోతే హంగ్ తువా ఎందుకు మాస్టారూ! సరే, మీరన్నదే ఉంచుతాను. కత్తితో ఇంకోటి రాసుకుంటా.

మల్లెపందిరి:
అందరూ ఊరి సంగతి మర్చిపోయారు. ఇదిగో ఇంకొకటి.

కొబ్బరాకు నీడ, కోళ్ళున్న ముంగిలి,
కర్రకాళ్ళ యిల్లు, కడలి గాలి:
పచ్చదనము నేనె పనిఁబూని నింపితి;
నలుపు తెలుపులందు నవ్వె రంగు.

గోదారిగట్టు:
మొదటి పాదం మా కోనసీమలోనూ చెల్లుతుంది. రెండో పాదంలో కర్రకాళ్ళ ఇల్లు వచ్చాకే మలయ్ పల్లెలోకి అడుగుపెట్టాం. ఆ వరస తెలిసి పెట్టారా?

మల్లెపందిరి:
యతి కోసం పెట్టానండి.

మాస్టారు:
మల్లెపందిరి గారి రెండోదీ, కొత్తకలం గారిదీ ఈ వారం ఎంపిక. తోటలైను గారి కత్తి పద్యం వస్తే విడిగా చూస్తాను. వచ్చేవారం సమస్య, ఇదీ ఆటవెలదే:

రైలు లేని యూర రైలు కూసె