రెండు గుంతల మరుగుదొడ్డి ఎరువును చెట్లకు వేయవచ్చా?

ప్రశ్న (రైతు, కృష్ణా డెల్టా)

స్వచ్ఛ భారత్ పథకం కింద కట్టుకున్న మా రెండు గుంతల మరుగుదొడ్డిలో మొదటి గుంత నిండడంతో రెండో గుంతను వాడుకలోకి తెచ్చి ఏడాది దాటింది. మొదటి గుంతలోని ఎరువును పెరట్లోని నిమ్మ చెట్లకు, మిగిలితే ఆకుకూర మళ్లకు వేయాలనుకుంటున్నాను. ఇంట్లో పెద్దవారు ఒప్పుకోవడం లేదు. మరోవైపు, సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకరు వారు ఖాళీ పొలంలో ఒక లోడు దింపించుకుంటే యూరియా అక్కరలేదని అంటున్నారు. ఈ రెండూ ఒకటేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (విశ్రాంత ఇంజనీరు, గ్రామీణ నీటి సరఫరా)

రెండూ ఒకటి కావు. ట్యాంకరు తెచ్చే మడ్డిలో పాత మలంతో పాటు నిన్నటి మలం కూడా కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని శుద్ధి చేయకుండా పొలంలో దింపించుకోవద్దు. కర్ణాటకలోని దేవనహళ్లిలో 2015లో ప్రారంభమైన కేంద్రం వంటి చోట్ల ఇలాంటి మడ్డిని శుద్ధి చేసి, ఆరబెట్టి, చెత్తతో కలిపి కంపోస్టు చేసిన తరువాతే రైతులకు ఇస్తారు.

మీ గుంత సంగతి వేరు. కొత్త మలం చేరకుండా ఏడాది పైగా మూసి ఉంచిన గుంతలోని పదార్థం వాసన లేని నల్లని మట్టిలా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఎరువు తీసి చూపించింది ప్రజల్లో ఉన్న ఈ జంకును పోగొట్టడానికే. అయితే ఏడాది లెక్క గుంత నిండిన రోజు నుంచి కాదు, అందులోకి చివరిసారి మలం వెళ్లిన రోజు నుంచి మొదలవుతుంది. చాలా చోట్ల మేస్త్రీలు రెండు గుంతలనూ ఒకదాని తరువాత ఒకటిగా గొట్టంతో కలిపేస్తారు, లేదా మధ్యనున్న చిన్న తొట్టిలో ఒక దారిని మూయకుండా వదిలేస్తారు. అప్పుడు ఎన్నేళ్లు గడిచినా ఆ గడువు మొదలైనట్టే కాదు. ముందుగా ఆ తొట్టి మూత తీసి చూడండి. వానాకాలంలో గుంతలోకి ఊటనీరు వస్తుందేమో కూడా చెప్పండి.

జవాబు 2 (వ్యవసాయ విస్తరణ విభాగంలో పనిచేస్తున్నాను)

గడువు ఎందుకో చెబుతాను. విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు చాలావరకు కొన్ని నెలల్లోనే నశిస్తాయి. ఏలికపాము గుడ్లు మాత్రం మట్టిలో చాలాకాలం బతుకుతాయి కాబట్టి గడువును వాటిని దృష్టిలో పెట్టుకునే నిర్ణయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు మనలాంటి వేడి ప్రాంతాల్లో పొడిగా ఉన్న మలాన్ని ఏడాదికి మించి నిల్వ ఉంచాలని, కంపోస్టు చేస్తే కుప్ప వేడి 50 డిగ్రీలకు పైగా కనీసం వారం రోజులు నిలవాలని చెబుతున్నాయి. హైతీలో సాయిల్ అనే సంస్థ ఇళ్ల నుంచి సేకరించిన మలాన్ని చెరకు పిప్పితో కలిపి ఆ వేడి వచ్చేలా కుప్పలు వేస్తుంది.

ఆకుకూరలకు, ముల్లంగి, క్యారెట్ వంటివాటికి మాత్రం వేయకండి. నిమ్మకు పాదు చుట్టూ గాడి తీసి, ఎరువు వేసి, మట్టి కప్పండి. దీనితో యూరియా మానేయవచ్చని కూడా ఆశించవద్దు. మన విసర్జితాల్లోని నత్రజనిలో ఎక్కువ భాగం మూత్రంలోనే ఉంటుంది, గుంతలో అది నీటితో పాటు భూమిలోకి ఇంకిపోతుంది. మీకు మిగిలేది ప్రధానంగా సేంద్రియ పదార్థం, కొంత భాస్వరం. నేల గుల్లబారడానికి అది నిజంగా మేలు చేస్తుంది. తమిళనాడులోని ముసిరిలో కట్టినట్టు మూత్రాన్ని విడిగా పట్టే మరుగుదొడ్లయితే ఆ నత్రజనిని పోగొట్టుకోకుండా ఉండవచ్చు.

ప్రశ్నించినవారు

తొట్టి తెరిచి చూశాను, మొదటి గుంత వైపు దారి గట్టిగా మూసే ఉంది. కానీ కాలువలకు నీరు వదిలిన రోజుల్లో గుంత అడుగున నీరు నిలుస్తుంది.

జవాబు 1

అయితే తొందరపడవద్దు. అడుగున నీరు నిలిచే గుంతలో పదార్థం ఆరదు, దానికి ఏడాది గడువు సరిపోతుందని నేను అనలేను. కాలువలు కట్టేసిన వేసవిలో మూత తీసి చూసి, పొడిగా పొడిపొడిగా ఉన్న పైభాగాన్ని మాత్రమే తీయండి. తడిగా, వాసన వేస్తున్నదాన్ని కదిలించకుండా ఇంకో ఏడాది వదిలేయండి. రెండో గుంత అప్పటికి నిండిపోతుందన్న భయం అక్కరలేదు, సాధారణ కుటుంబానికి ఒక్కో గుంత కొన్నేళ్లు వస్తుంది. దానికంటే ముఖ్యంగా మీ చేతిపంపు ఆ గుంతలకు ఎంత దూరంలో ఉందో కొలవండి. పది మీటర్లలోపు ఉంటే, లేదా గుంత అడుగు ఊటనీటిని తాకుతుంటే, ఎరువు కంటే ముందు తాగునీటిని పరీక్ష చేయించండి.

జవాబు 3 (సఫాయి కార్మికుల హక్కుల కోసం పనిచేస్తున్నాను)

పై జవాబుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ గుంతలోకి దిగేది ఎవరు? బిందేశ్వర్ పాఠక్ 1970లో బీహార్‌లో సులభ్ సంస్థను స్థాపించి రెండు గుంతల పద్ధతిని ప్రచారం చేసింది, తరతరాలుగా కొన్ని కులాలవారి నెత్తిన పెట్టిన మలం ఎత్తే పనిని అంతం చేయడానికి. పూర్తిగా కుళ్లకముందే మలాన్ని మనిషి చేత ఎత్తించడాన్ని ఆపడమే 2013 నాటి చట్టం ఉద్దేశం కూడా. అందుకే పచ్చిగా ఉన్న గుంతను కూలి ఇచ్చి ఖాళీ చేయించాలన్న ఆలోచన రానివ్వకండి. పదార్థం మట్టిలా మారాక చేతితొడుగులు, బూట్లు వేసుకుని, ఇంటివారే పలుగు, పార పట్టుకుని తీయవచ్చు. అలా మీరే తీయడానికి మనసు ఒప్పనంత తడిగా ఉంటే, దాన్ని వేరెవరి చేతా తీయించవద్దు.