అప్‌డేట్: సెస్నా 172 ముందు స్ట్రట్ దిగిపోవడం – కారణం దొరికింది

కడపలో ఉండే సెస్నా 172 చిన్న విమానం ముందు చక్రపు స్ట్రట్‌లో (కుదుపును ఆపే, గాలీ నూనే నిండిన కాలు) గాలి పట్టిన కొద్ది రోజులకే దిగిపోతోందని అడిగాను కదా, అది తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వాల్వ్ కోర్ (గాలి నింపే వాల్వ్ లోపలి పిన్ను) బాగానే ఉంది, సబ్బునీళ్లకు ఒక్క బుడగ రాలేదు. రాత్రి చలీ కారణం కాదు. షిమ్మీ డ్యాంపర్‌కు (ముందు చక్రం అదరకుండా ఆపే భాగం) దీనితో సంబంధమే లేదు. స్ట్రట్‌లో పైకీ కిందికీ జారే పిస్టన్ మీద ఎర్ర నూనె చారలు వెతకమన్న సలహానే పనికొచ్చింది. లైసెన్సున్న ఇంజనీర్ విప్పి చూస్తే కింది ఓ-రింగులు (నూనె, గాలి కారకుండా ఆపే రబ్బరు సీళ్లు) గట్టిపడి చదునైపోయాయి. పిస్టన్ మీది దుమ్మును గీకేసే స్క్రేపర్ రింగ్ అరిగి దుమ్ము లోపలికి పోతోంది. పిస్టన్ క్రోమ్ పూత మీద గుంటలు లేవు, ఉండుంటే కొత్త సీళ్లూ నిలిచేవి కావు.

సీళ్లు మార్చాక స్ట్రట్‌ను పూర్తిగా నొక్కి, వాల్వ్ రంధ్రం దాకా 5606 అనే ఎర్ర హైడ్రాలిక్ నూనె పోశారు. లోపలి బుడగలు పోయేలా సాగదీసి, నొక్కి, మళ్లీ నింపారు. తర్వాత చక్రం నేలకు ఆనకుండా ఎత్తి 45 పీఎస్ఐ నైట్రోజన్ పట్టారు. మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూసుకోండి.

గాలి పూర్తిగా వదలకుండా టార్క్ లింక్ (స్ట్రట్ పై, కింది భాగాలను కలిపే మడత చేయి) బోల్టు ముట్టుకోవద్దు, కింది భాగం ఒక్కసారిగా దూసుకొస్తుంది. మన దగ్గరి దుమ్ముకు, 5606లో తడిపిన గుడ్డతో పిస్టన్‌ను తరచూ తుడవడం తప్పనిసరి.