అప్‌డేట్: దీపపు ఎరకు వచ్చిన నారింజ రెక్కల చిమ్మట ఏదో తేలింది

బొబ్బిలి దగ్గర మా నిమ్మతోటలో దీపపు ఎరకు (రాత్రి పురుగులను రప్పించేందుకు పెట్టే దీపానికి) పడిన పెద్ద చిమ్మట ఏ జాతిదో, దాన్ని ఎలా నమోదు చేయాలో ఇదివరకు అడిగాను. రెక్కలు మూసుకుని ఎండుటాకులా కూర్చున్న ఫొటో చాలదని, వెనుక రెక్కలు కనిపించాలని మీరు సూచించారు. తెల్లవారుజామున, అది ఇంకా మందకొడిగా ఉన్నప్పుడు, ముందు రెక్కను మెల్లగా జరిపి చూడగా నారింజ రంగు వెనుక రెక్క మధ్యలో గుండ్రని నల్ల మచ్చ స్పష్టంగా కనిపించింది. ఆ మచ్చ వంపు తిరిగి ఉంటే యూడోసిమా ఫలోనియా అనే దగ్గరి జాతి అయ్యేది. గుండ్రంగా ఉన్నందున ఇది యూడోసిమా మాటర్నా.

గట్టి తొండంతో పండిన నిమ్మ, బత్తాయి తొక్కలను పొడిచి రసం పీల్చేది ఈ రెక్కల పురుగే. దీని గొంగళిపురుగు మాత్రం పండు జోలికి రాకుండా తిప్పతీగ ఆకులు తింటుంది. మా కంచె నిండా ఆ తీగే ఉంది. మందుకు పనికివచ్చే దాన్ని పీకించడానికి మనసొప్పక, కాయలకు సంచులు కట్టిస్తున్నాను.

నమోదు పుస్తకంలో తేదీ, దీపం రకం, వాన, గాలితోపాటు వెన్నెలను కూడా రాస్తున్నాను, ఎందుకంటే నిండు వెన్నెలలో దీపానికి వచ్చే పురుగులు తగ్గుతాయి. ప్రతి ఫొటోలో స్కేలు పెట్టి, పని కాగానే పిట్టల కంటబడని పొదలో పురుగులను వదిలేస్తున్నాను.